మితజీవి విశ్వేశ్వరయ్య

నీరు చాలనిచో పైరు ఎండును. నీరు మిక్కుటమైనచో పైరు కుళ్లును. ఎంత తగునో ఎఱిగి, అంతటితో నిలుచుటయే మితము. ఈ సత్యమును పొలములందును, తన జీవితమునందును ఆచరించి చూపిన మహనీయుడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

ఆయన పూర్వులు ఆంధ్రదేశమందలి మోక్షగుండము నుండి మైసూరు రాజ్యమునకు వలసపోయిరి. అచ్చటి ముద్దేనహళ్లి గ్రామమున ఆయన 1861 లో జన్మించెను. చిన్నతనముననే తండ్రి గతించెను. పిల్లలకు పాఠములు చెప్పి, వచ్చిన స్వల్పధనముతో బెంగుళూరున చదువుకొనెను. పిమ్మట పూనాలో ఇంజనీరింగు పరీక్షయందు ప్రథముడుగా ఉత్తీర్ణుడై, 1884 లో బొంబాయి ప్రభుత్వమున ఉద్యోగము పొందెను.

ఆ రాష్ట్రమందలి నీరా కాలువ క్రింద కొందఱు రైతులు చెఱకునకు మితిమీఱి నీరు పెట్టుచుండిరి. అందువలన నేల ఊటలెత్తి చెడుచుండెను. తక్కిన రైతులకు నీరు చాలకుండెను. 1899 ప్రాంతమున విశ్వేశ్వరయ్య ఆయకట్టును ఖండములుగా విభజించి, ఒక్కొక్క ఖండమున చెఱకు ఎంత, వరి ఎంత, మెట్టపైరు ఎంత అని నిర్ణయించి, వంతులవారీగా నీరు వదలు పద్ధతిని ప్రవేశపెట్టెను. పలుకుబడిగల రైతులు దీనిని ఎదిరించిరి. ఆయన కోపింపక, వారితో ఓర్పుగా చర్చించి ఒప్పించెను.

1903 లో ఖడక్‌వాస్లా జలాశయమునకు ఆయన వింత తలుపులు అమర్చెను. నీరు హద్దు మీఱినంతనే అవి తమంత తాము తెఱచుకొనును. వఱద తీసినంతనే మూసికొనును. 1908 లో మూసీనది పొంగి హైదరాబాదు నగరమున వేలాది జనులను పొట్టనబెట్టుకొనగా, నదికి ఎగువ జలాశయములు కట్టి వఱదను అదుపుచేయుమని సలహా యిచ్చినవాడును ఆయనయే. ఉస్మాన్‌సాగరము, హిమాయత్‌సాగరము ఆ సలహా ఫలములు.

1912 నుండి 1918 వఱకు మైసూరు దివానుగా నుండియు ఆయన భోగములకు లొంగలేదు. మితాహారము, నిత్యము నడక, కాలపాలనము ఆయన నియమములు. మితమనగా లోభమనియు, వైరాగ్యమనియు ఆయన తలపలేదు. శుభ్రమైన దుస్తులు, చక్కని తలపాగా లేక బయటికి వచ్చెడివాడు కాడు. పనియందు మాత్రము అలసట యెఱుగడు. 1955 లో భారతరత్న బిరుదము ఆయనను వరించెను. నూఱేండ్లు నిండు జీవితము గడపి, 1962 లో పరమపదించెను.

విద్యార్థులారా! భోజనమైనను, ఆటయైనను, మాటయైనను హద్దు దాటినప్పుడు మనలను ఆపుటకు మనస్సే తలుపు కావలెను. ఆ తలుపు అమర్చుకొనుటకు బాల్యమే తగిన కాలము.