ఒట్టో లిలియెంతాల్

ఒట్టో లిలియెంతాల్ (మే 23, 1848 - ఆగష్టు 10, 1896) జర్మనీకి చెందిన ఇంజనీరు, విమానయాన శాస్త్రానికి ఆద్యులలో ఒకడు. ఇంజను లేని గ్లైడర్లతో సుమారు 2000 సార్లు ఎగిరిన ఈయన చివరకు గ్లైడర్ ప్రమాదంలోనే మరణించాడు.

బాల్యము, వృత్తి

లిలియెంతాల్ ప్రష్యా రాజ్యంలోని ఆంక్లాం పట్టణంలో జన్మించాడు. చిన్నతనంలోనే తమ్ముడు గుస్టావ్‌తో కలిసి కొంగల గమనాన్ని పరిశీలించి, రెక్కలు తయారుచేసి ఎగరడానికి ప్రయత్నించాడు. బెర్లిన్‌లో ఇంజనీరింగు చదివి, 1883లో అక్కడే ఆవిరి యంత్రాలు, బాయిలర్ల కర్మాగారం స్థాపించాడు.

పరిశోధనలు

సోదరులిద్దరూ వివిధ ఆకారాల రెక్కలపై గాలి కలిగించే బలాన్ని కొలిచారు. చదునైన రెక్క కంటే కొద్దిగా వంపు గల రెక్కకు పైకి లేపే శక్తి ఎక్కువని తేల్చారు. ఈ ఫలితాలను లిలియెంతాల్ పక్షుల గమనంపై 1889లో ప్రచురించిన గ్రంథంలో వివరించాడు.

గ్లైడర్ ప్రయోగాలు

1891లో డెర్విట్జ్ గ్రామం వద్ద సుమారు 25 మీటర్ల దూరం ఎగిరాడు. 1894లో బెర్లిన్ సమీపంలోని లిష్టర్‌ఫెల్డెలో 15 మీటర్ల ఎత్తు గల కృత్రిమ గుట్టను నిర్మింపజేశాడు. రీనో కొండల నుండి 250 మీటర్ల దూరం వరకు ఎగరగలిగాడు.

ఈయన గ్లైడర్లు తేలికైన విల్లో కర్రలతో, నూలు గుడ్డతో తయారయ్యేవి. ముంజేతులపై వ్రేలాడుతూ, కాళ్ళను, నడుమును అటూ ఇటూ కదిపి శరీర బరువుతోనే గ్లైడర్‌ను అదుపు చేసేవాడు. గాలి హఠాత్తుగా మారినప్పుడు ఈ పద్ధతి చాలేది కాదు. 1894లో జరిగిన ఒక ప్రమాదంలో గ్లైడర్ ముందు అమర్చిన వంపు కర్ర దెబ్బను తట్టుకొనడంతో ప్రాణాపాయం తప్పింది.

మరణం

1896 ఆగష్టు 9న స్టోల్న్ గ్రామం వద్ద గోలెన్‌బర్గ్ కొండ నుండి ఎగురుతుండగా, పైకి లేచిన గాలి గ్లైడర్ ముందు భాగాన్ని ఎత్తివేసింది. వేగం తగ్గి రెక్కలు పట్టు కోల్పోయాయి. లిలియెంతాల్ బరువును ముందుకు త్రోసినా గ్లైడర్ సర్దుకోలేదు. సుమారు 15 మీటర్ల ఎత్తు నుండి పడి, మెడ ఎముక విరిగి, మరునాడు బెర్లిన్‌లో మరణించాడు.

ప్రభావం

ఈ మరణవార్త అమెరికాలోని రైట్ సోదరులలో విమానయానంపై ఆసక్తి రేకెత్తించింది. లిలియెంతాల్ లెక్కలను వారు 1901లో గాలి సొరంగంలో స్వయంగా పరీక్షించారు. శరీర బరువుతో అదుపు చేయడం సరిపోదని గ్రహించి, రెక్కలను మెలితిప్పే పద్ధతిని అవలంబించారు. ఆ విధంగా ఈయన విజయాలతో పాటు ఈయన ప్రాణం తీసిన లోపం కూడా తరువాతివారికి మార్గదర్శకమైంది. 2020లో మూతపడిన బెర్లిన్ టేగెల్ విమానాశ్రయానికి ఈయన పేరు ఉండేది.