జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు గియోం లె జాంతీ

మబ్బు కమ్ముటవలన పుదుచ్చేరిలో శుక్రగ్రహమును చూడజాలని దురదృష్టవంతుడుగ లె జాంతీని లోకమెరుగును. ఆయన కనుగొనిన చిన్న వెలుగును గూర్చి యెరిగినవారు అరుదు. కావున ఆయన చరిత్రమును మా విద్యార్థులకొరకు సంగ్రహముగ వ్రాయుచున్నాము.

ఈయన 1725 సెప్టెంబరు 12వ తేదీన ఫ్రాన్సుదేశమందలి కూటాన్సు పట్టణమున జన్మించెను. మతగురువు కాదలచి పారిసునగరమున దైవశాస్త్రము చదువుచు, దెలీల్ అను పండితుని ఉపన్యాసములు విని జ్యోతిశ్శాస్త్రమునకు ఆకర్షితుడయ్యెను. 1749 అక్టోబరు 29వ తేదీన దూరదర్శినితో దేవయానీ నీహారికను పరీక్షించుచుండగా, దాని చెంత గుండ్రని చిన్న కాంతిమచ్చ యొకటి కానవచ్చెను. అప్పటికాయనకు 24 ఏండ్లు. ఆ మచ్చనే నేడు ఎం 32 అందురు.

శుక్రుడు సూర్యబింబమును దాటు కాలమును వేర్వేరు తావులనుండి కొలిచినచో సూర్యుని దూరము తెలియును. అందులకై ఆయన 1760 మార్చిలో ఓడ యెక్కెను. చేరకమునుపే పుదుచ్చేరి ఆంగ్లేయుల వశమయ్యెను. 1761 జూను 6వ తేదీన ఊగుచున్న ఓడమీదనుండి శుక్రుని చూచెనేగాని కొలతలు పనికిరావయ్యెను. ఎనిమిదేండ్లకు శుక్రుడు మరల సూర్యుని దాటవలసియుండుటచే, ఇంటికి పోక తూర్పు సముద్రములలోనే నిలిచెను. 1768లో పుదుచ్చేరి చేరి వేధశాల నమర్చుకొని, తమిళ గణకునియొద్ద మనదేశపు గ్రహణగణితమును నేర్చెను. 1769 జూను 4వ తేదీ ఉదయమున మబ్బులు సూర్యుని కప్పివేసెను. శుక్రుడు దాటిన పిమ్మట ఆకసము తేటపడెను.

1771లో స్వదేశము చేరునప్పటికి, మరణించెనని యెంచి బంధువులు ఆయన ఆస్తిని పంచుకొనజూచుచుండిరి. విద్వత్పరిషత్తునందలి స్థానమును పోయెను. ఆయన క్రుంగక, పరిషత్తున మరల చోటుపొంది, వివాహమాడి, తన యాత్రాగ్రంథమును 1779, 1781 సంవత్సరములలో రెండు సంపుటములుగ ప్రకటించి, 1792లో మృతినొందెను.

ఇక ఆ చిన్న మచ్చ సంగతి. అది మేఘము కాదు. కోట్లకొలది తారల సముదాయము. 1944లో వాల్టరు బాడే, మౌంటు విల్సను వేధశాలలో తీసిన ఛాయాచిత్రములందు దాని తారలను విడివిడిగ చూపెను. దేవయానీ గెలాక్సీని అంటిపెట్టుకొనియున్న ఈ మరుగుజ్జు గెలాక్సీ మనకు సుమారు 25 లక్షల కాంతివత్సరముల దూరమున నున్నది. అడ్డుకొలత 10,000 కాంతివత్సరములకు లోపే. నడుమ తారలు మాత్రము మిక్కిలి క్రిక్కిరిసియున్నవి. అచ్చట 20 లక్షల సూర్యులకు మించిన బరువుగల కృష్ణబిలము కూడ కలదు. ఇంత చిన్నదానికి ఇంత బిగువెట్లు కలిగెను? దేవయాని తన ఆకర్షణచే పైతారలను లాగికొనగా మిగిలిన పెద్ద గెలాక్సీయొక్క గర్భమే యిది యని పలువురి అభిప్రాయము. ఆ గెలాక్సీ సుమారు 200 కోట్ల యేండ్లక్రిందట దేవయానిలో కలిసిపోయెనని 2018లో రిచర్డు డిసౌజా, ఎరిక్ బెల్ ప్రతిపాదించిరి. పుట్టుకనుండియు చిన్నదే యని వాదించువారును కలరు.

పదునొకండేండ్లు దేశాంతరములందు వెదకిన కొలత లె జాంతీకి దొరకలేదు. యౌవనమున ఓపికతో గమనించి వ్రాసికొనిన చిన్న మచ్చయో, నేటికిని పండితులకు పని కల్పించుచున్నది. మా విద్యార్థులును తాము చూచినది ఎంత చిన్నదైనను విడువక వ్రాసికొందురుగాక యని కోరుచున్నాము.