హెన్రీ డేవిడ్ థోరో

హెన్రీ డేవిడ్ థోరో (జూలై 12, 1817 - మే 6, 1862) అమెరికా దేశానికి చెందిన సుప్రసిద్ధ రచయిత, తత్త్వచింతకుడు, ప్రకృతి పరిశీలకుడు. మసాచుసెట్స్ రాష్ట్రంలోని కాంకర్డ్ గ్రామ సమీపాన, వాల్డెన్ సరస్సు ఒడ్డున స్వయంగా కట్టుకున్న చిన్న ఇంటిలో రెండు సంవత్సరాలకు పైగా నివసించి, ఆ అనుభవాలను "వాల్డెన్" అనే గ్రంథంగా వెలువరించాడు. అన్యాయానికి పాల్పడే ప్రభుత్వానికి సహకరించకపోవడం పౌరుని ధర్మమని ప్రతిపాదించిన వ్యాసం ద్వారా కూడా ఇతడు ప్రపంచ ప్రఖ్యాతి పొందాడు. థోరోను లోకాన్ని విడిచి అడవికి పోయిన సన్యాసిగా భావించేవారు ఉన్నారు. వాస్తవానికి అతని నిరాడంబర జీవనం, అవసరాలు తగ్గించుకున్న మనిషికి తన కాలంపైన, తన అంతరాత్మపైన ఎంత అధికారం మిగులుతుందో పరీక్షించి చూసిన ఒక ప్రయోగం.

బాల్యం, విద్యాభ్యాసం

థోరో కాంకర్డ్‌లో జాన్ థోరో, సింథియా డన్‌బార్ దంపతులకు మూడవ సంతానంగా జన్మించాడు. హెలెన్, జాన్, సోఫియా ఇతని తోబుట్టువులు. ఇతనికి మొదట పెట్టిన పేరు డేవిడ్ హెన్రీ. చదువు ముగిసిన తరువాత తానే దానిని హెన్రీ డేవిడ్‌గా మార్చుకున్నాడు. తండ్రి పెన్సిళ్ళ తయారీదారు. గ్రాఫైటును బంకమన్నుతో కలిపే పద్ధతిని మెరుగుపరచి, తమ పెన్సిళ్ళకు మంచి పేరు రావడానికి థోరో కూడా కారకుడయ్యాడు.

1833లో హార్వర్డ్ కళాశాలలో చేరి 1837లో పట్టభద్రుడయ్యాడు. అదే సంవత్సరం కాంకర్డ్ ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయునిగా చేరాడు. పిల్లలను క్రమశిక్షణలో ఉంచడానికి బెత్తం ఉపయోగించాలన్న ఒత్తిడి రాగా, సుమారు రెండు వారాలకే ఆ ఉద్యోగాన్ని వదులుకున్నాడు. 1838లో స్వంతంగా ఒక పాఠశాలను ఆరంభించగా, త్వరలోనే అన్న జాన్ కూడా అందులో బోధకుడయ్యాడు. అక్కడ దేహశిక్ష ఉండేది కాదు. పిల్లలను పొలాలకు, నదీతీరాలకు తీసుకొని వెళ్ళి పాఠాలు చెప్పేవారు. జాన్ అనారోగ్యం వల్ల 1841లో ఆ పాఠశాల మూతపడింది. 1842 జనవరిలో, క్షవరం చేసుకుంటుండగా తగిలిన చిన్న గాయం ధనుర్వాతానికి దారితీసి జాన్ మరణించాడు. ఈ దుఃఖం థోరోను చాలాకాలం వెంటాడింది.

ఎమర్సన్ సాహచర్యం

ఆ కాలంలో కాంకర్డ్ ట్రాన్సెండెంటలిజం అనే భావోద్యమానికి కేంద్రంగా ఉండేది. దీనిని తెలుగులో అతీతవాదం అనవచ్చు. సత్యం ఇంద్రియాల వల్ల గాని, మతసంస్థల ఉపదేశం వల్ల గాని మాత్రమే తెలిసేది కాదని, ప్రతి మనిషి అంతఃకరణకూ స్వయంగా స్ఫురించగలదని, ప్రకృతిలో దైవత్వం వ్యక్తమవుతున్నదని ఈ వాదుల విశ్వాసం. 1836లో "నేచర్" అనే గ్రంథాన్ని ప్రచురించిన రాల్ఫ్ వాల్డో ఎమర్సన్ వీరికి పెద్దదిక్కు. ఎమర్సన్ కంటే పధ్నాలుగేళ్ళు చిన్నవాడైన థోరో ఆయనకు ఆప్తుడై, 1841 నుండి 1843 వరకు ఆయన ఇంటిలోనే ఉండి తోటపని, మరమ్మతు పనులు చేసేవాడు. ఆ ఉద్యమ పత్రిక "డయల్"లో కవితలు, వ్యాసాలు వ్రాశాడు. 1837 అక్టోబరులో మొదలుపెట్టిన దినచర్యను 1861 వరకు కొనసాగించాడు. అది సుమారు ఇరవై లక్షల పదాల గ్రంథరాశి.

ఎమర్సన్ ప్రకృతిని ప్రధానంగా ఒక భావంగా దర్శించగా, థోరో ఆ భావాన్ని చేతులతో, కాళ్ళతో పరీక్షించి చూడదలచాడు. అయితే ప్రకృతి విషయంలో అతడు పొరపాట్లకు అతీతుడు కాడు. 1844 ఏప్రిల్‌లో ఒక మిత్రునితో కలిసి చేపలు వండుకోవడానికి రాజేసిన నిప్పు అదుపు తప్పి, కాంకర్డ్ అడవిలో సుమారు 300 ఎకరాలు కాలిపోయాయి. ఈ అపవాదు గ్రామస్థుల నోట చాలాకాలం నిలిచింది.

వాల్డెన్ ప్రయోగం

వాల్డెన్ ఒడ్డున ఎమర్సన్‌కు కొంత భూమి ఉండేది. 1845 వసంతంలో థోరో ఒక గొడ్డలిని ఎరువు తెచ్చుకొని అక్కడ చెట్లు కొట్టడం ఆరంభించాడు. రైలుమార్గంలో పనిచేసిన ఒక కార్మికుని పాత గుడిసెను 4 డాలర్ల 25 సెంట్లకు కొని, దాని పలకలను ఉపయోగించుకున్నాడు. 10 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు గల ఆ ఇంటికి అయిన మొత్తం ఖర్చు 28 డాలర్ల 12½ సెంట్లు. హార్వర్డ్‌లో ఒక విద్యార్థి గదికి ఏడాదికి చెల్లించే అద్దె 30 డాలర్లు కాగా, అంతకంటే తక్కువకే తనకు శాశ్వత గృహం ఏర్పడిందని అతడు లెక్క చూపాడు. 1845 జూలై 4న, అంటే అమెరికా స్వాతంత్ర్య దినోత్సవం నాడు, ఆ ఇంటిలో ప్రవేశించాడు.

సుమారు రెండున్నర ఎకరాల నేలలో ముఖ్యంగా చిక్కుడు, కొద్దిగా బంగాళాదుంప, మొక్కజొన్న, బఠాణీ పండించాడు. మొదటి సంవత్సరం సేద్యంలో ఖర్చులు పోగా మిగిలినది 8 డాలర్ల 71½ సెంట్లు. వస్తువు అసలు ధర డబ్బు కాదని, దానిని సంపాదించడానికి మనిషి వెచ్చించే ఆయుర్దాయమే దాని ధర అని థోరో ఆర్థిక సిద్ధాంతం. ఏడాదిలో సుమారు ఆరు వారాలు కాయకష్టం చేస్తే తన జీవనానికి చాలునని, మిగిలిన కాలం చదువుకు, పరిశీలనకు లభిస్తుందని తేల్చాడు. 1846 ఆరంభంలో గడ్డకట్టిన సరస్సుకు రంధ్రాలు చేసి, తాడు వదలి కొలిచి, అడుగే లేదని జనం చెప్పుకొనే వాల్డెన్ గరిష్ఠ లోతు 102 అడుగులని నిర్ధారించాడు.

ఆ ఇల్లు ఘోరారణ్యంలో లేదు. కాంకర్డ్‌కు మైలున్నర దూరం. సరస్సు ప్రక్క నుండే ఫిచ్‌బర్గ్ రైలు వెళ్ళేది. థోరో తరచు గ్రామానికి వెళ్ళేవాడు, తల్లి ఇంట భోజనం చేసేవాడు, అతిథులను ఆదరించేవాడు. ఈ కారణాలతోను, సంసార బాధ్యతలు లేనివానికే ఇటువంటి జీవితం సాధ్యమన్న అభిప్రాయంతోను అతనిని విమర్శించినవారున్నారు. అయితే అతడు తన రాకపోకలను దాచలేదు. అందరూ తనవలె సరస్సు ఒడ్డున నివసించాలని కోరనూ లేదు. ఎవరికి తగిన మార్గాన్ని వారే వెదకుకోవాలని సూచించాడు. 1847 సెప్టెంబరు 6న, రెండు సంవత్సరాల రెండు నెలల తరువాత, తాను జీవించవలసిన జీవితాలు ఇంకా ఉన్నాయని తలచి ఆ ఇంటిని విడిచిపెట్టాడు.

కారాగారవాసం, సహాయ నిరాకరణ

వాల్డెన్‌లో ఉండగానే, 1846 జూలైలో, చెప్పులవాని వద్ద బాగుచేయడానికిచ్చిన బూటు కోసం గ్రామానికి వెళ్ళిన థోరోను తలపన్ను చెల్లించనందుకు నిర్బంధించారు. బానిసత్వాన్ని కాపాడుతూ, మెక్సికోపై యుద్ధం చేస్తున్న ప్రభుత్వానికి పన్ను ఇవ్వరాదన్నది అతని నిశ్చయం. ఎవరో పన్ను కట్టివేయడంతో మరునాడే విడుదలయ్యాడు. ఈ అనుభవంపై 1848లో కాంకర్డ్‌లో చేసిన ప్రసంగం 1849లో వ్యాసంగా అచ్చయింది. థోరో మరణానంతరం 1866లో అది "సివిల్ డిసొబీడియన్స్" అనే పేరుతో పునర్ముద్రణ పొందింది.

నిరాడంబర జీవనానికి, ఈ ధిక్కారానికి గల సంబంధం ఆ వ్యాసంలోనే కనిపిస్తుంది. ఆస్తి ఎక్కువైనకొద్దీ దానిని కాపాడే ప్రభుత్వానికి మనిషి లొంగి ఉండవలసి వస్తుందని, పోగొట్టుకోవడానికి ఏమీ లేనివాడు అంతరాత్మను అనుసరించగలడని అతని వాదన. తరువాతి కాలంలో పారిపోయి వచ్చిన బానిసలకు సహాయపడ్డాడు. 1859లో సాయుధ తిరుగుబాటుకు యత్నించి పట్టుబడిన జాన్ బ్రౌన్‌ను సమర్థిస్తూ, మిత్రులు వారించినా వినక, బహిరంగంగా ప్రసంగించాడు.

రచనలు

జీవించి ఉండగా థోరో గ్రంథాలు రెండే వెలువడ్డాయి. అన్నతో చేసిన పడవ ప్రయాణంపై వ్రాసిన మొదటి పుస్తకం 1849లో 1,000 ప్రతులు ముద్రింపబడగా, 1853లో అమ్ముడుపోని 706 ప్రతులు అతని ఇంటికే తిరిగివచ్చాయి. "వాల్డెన్"ను ఏడు పర్యాయాలు తిరగవ్రాసి 1854 ఆగస్టు 9న ప్రచురించాడు. జీవనానికై పెన్సిళ్ళ పనితో పాటు భూముల సర్వే చేసేవాడు. "ది మెయిన్ వుడ్స్" (1864), "కేప్ కాడ్" (1865) మరణానంతరం వెలువడ్డాయి.

భారతదేశంతో సంబంధం

భగవద్గీతకు చార్లెస్ విల్కిన్స్ చేసిన ఆంగ్లానువాదాన్ని థోరో వాల్డెన్‌లో చదివేవాడు. మనుస్మృతి నుండి ఎంపిక చేసిన భాగాలను 1843లో "డయల్"లో ప్రకటించాడు. 1855లో ఒక ఆంగ్ల మిత్రుడు అతనికి భారతీయ విజ్ఞానానికి సంబంధించిన 44 సంపుటాలను కానుకగా పంపాడు. 1846-47 శీతకాలంలో వాల్డెన్ మంచును కోసి గుట్టలుగా పేర్చడం చూసి, మద్రాసు, బొంబాయి, కలకత్తా వాసులు తన బావి నీటినే త్రాగుతున్నారని ఊహించాడు. ఆ ఊహకు ఆధారం లేకపోలేదు. బోస్టన్ వర్తకుడు ఫ్రెడరిక్ ట్యూడర్ ఓడలలో పంపే మంచును నిలువచేసిన మద్రాసు ఐస్‌హౌస్ తరువాత వివేకానంద ఇల్లంగా ప్రసిద్ధి చెందింది.

మహాత్మా గాంధీ దక్షిణాఫ్రికాలో థోరో వ్యాసాన్ని చదివి, 1907లో "ఇండియన్ ఒపీనియన్" పత్రికలో దాని సారాంశాన్ని ప్రకటించాడు. అయితే తన ఉద్యమం అంతకు ముందే ఆరంభమైనదని, సహాయ నిరాకరణ భావాన్ని థోరో నుండి గ్రహించలేదని 1935లో పి.కోదండరావుకు వ్రాసిన లేఖలో స్పష్టం చేశాడు. మార్టిన్ లూథర్ కింగ్ కూడా థోరో ప్రభావాన్ని అంగీకరించాడు.

మరణం, స్మృతి

1860 డిసెంబరులో చెట్ల మోడులపై వలయాలు లెక్కిస్తూ చలికి గురైన థోరోకు పాత క్షయవ్యాధి తిరగబెట్టింది. 1862 మే 6న, 44 సంవత్సరాల వయసులో కాంకర్డ్‌లో మరణించాడు. అతని సమాధి అక్కడి స్లీపీ హాలో శ్మశానవాటికలో ఉంది.

1945లో రోలండ్ రాబిన్స్ వాల్డెన్ ఇంటి పొగగొట్టం పునాదిని త్రవ్వి వెలికితీశాడు. ఇంటి నమూనాను సరస్సు సమీపంలో సందర్శకులు చూడవచ్చు. 1850లలో ఏ మొక్క ఏ తేదీన పూచినదీ థోరో వ్రాసుకున్న పట్టికలను 21వ శతాబ్దంలో రిచర్డ్ ప్రిమాక్ మొదలైన శాస్త్రజ్ఞులు తమ పరిశీలనలతో పోల్చి, కాంకర్డ్‌లో అనేక మొక్కలు నాటికంటే ముందుగా పూస్తున్నాయని, వాతావరణం వేడెక్కడమే అందుకు కారణమని నిరూపించారు. ఏడాదిలో అధికభాగాన్ని తన కోసం మిగుల్చుకొని థోరో చేసిన పరిశీలనలు ఈ విధంగా శాస్త్రానికి కూడా ఆధారమయ్యాయి.