స్వామి జ్ఞానానంద

రాయచూరు జిల్లాలోని హట్టి బంగారు గనుల పేరు మీరందరూ వినే ఉంటారు. అక్కడి బంగారమైనా, మరే దేశపు బంగారమైనా, దాని ప్రతి పరమాణువులోనూ 79 ప్రోటాన్లు ఉంటాయి. కంటికి కనిపించని ఈ కణాల లెక్క మానవునికి ఎలా తెలిసింది? ఆ లెక్కను వెలికితీసిన విద్యను పాశ్చాత్య దేశాలలో అభ్యసించి, తెలుగునాటికి తెచ్చిన మహనీయుడు స్వామి జ్ఞానానంద.

ఆయన అసలు పేరు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. 1896 డిసెంబరు 5న నేటి పశ్చిమ గోదావరి జిల్లా, భీమవరం సమీపంలోని గొరగనమూడి గ్రామంలో జన్మించారు. యౌవనంలోనే ఇల్లు విడిచి హిమాలయాలకు వెళ్ళి, యోగసాధనలో సంవత్సరాలు గడిపారు. 1927లో జర్మనీ వెళ్ళారు. అక్కడ ఆధునిక భౌతికశాస్త్రం ఆయన మనస్సును ఆకర్షించింది. ముప్పై ఏళ్ళు దాటిన ఆ సన్యాసి, తనకంటే చిన్నవారి సరసన కూర్చుని, డ్రెస్డెన్ నగరంలో గణితం, భౌతికశాస్త్రం చదివారు.

తరువాత నాటి చెకోస్లొవేకియాలోని ప్రాగ్ నగరంలో ఎక్స్-కిరణాలపై పరిశోధన చేసి, డాక్టరు పట్టం పొందారు. ప్రతి మూలకం తనకే ప్రత్యేకమైన ఎక్స్-కిరణాలను వెలువరిస్తుంది. వాటిని కొలిచి పరమాణువులోని ప్రోటాన్ల సంఖ్యను తెలుసుకోవచ్చునని మోస్లే అనే ఆంగ్ల యువకుడు 1913లో నిరూపించాడు. ఈ సంఖ్యనే పరమాణు సంఖ్య అంటారు. పరమాణువులో ఎన్ని ప్రోటాన్లు ఉంటాయో అన్ని ఎలక్ట్రాన్లు ఉంటాయి. కాబట్టి బంగారు పరమాణువులో ఎలక్ట్రాన్లు కూడా 79.

ఇక న్యూట్రాన్ల సంగతి. వీటిని 1932లో కనుగొన్నవారు ఛాడ్విక్. జ్ఞానానంద ఇంగ్లండులోని లివర్‌పూల్ చేరి, ఆయన వద్దనే పరిశోధన చేశారు. ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపితే వచ్చేది ద్రవ్యరాశి సంఖ్య. ప్రకృతిలో దొరికే బంగారానికి అది 197. అందులోనుంచి 79 తీసివేస్తే 118 మిగులుతుంది. అదే న్యూట్రాన్ల సంఖ్య.

అయితే ఈ లెక్క అన్ని పరమాణువులలోనూ స్థిరంగా ఉండదు. ద్రవ్యరాశి సంఖ్య 198 గల బంగారంలో ఒక న్యూట్రాను ప్రోటానుగా మారుతుంది. అప్పుడు కేంద్రకం నుంచి ఒక ఎలక్ట్రాను వేగంగా బయటకు వస్తుంది. ప్రోటాన్లు 80 కాగానే బంగారం పాదరసమై పోతుంది! ఇలా వెలువడే ఎలక్ట్రాన్లనే బీటా కిరణాలంటారు. లివర్‌పూల్‌లో జ్ఞానానంద పరిశోధించినది ఈ బీటా కిరణాలనే.

ఆ పిమ్మట అమెరికాలో కూడా పరిశోధనలు చేసి, ఆయన స్వదేశానికి తిరిగి వచ్చారు. 1950ల దశకంలో విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరి, కేంద్రక భౌతికశాస్త్ర విభాగాన్ని తీర్చిదిద్దారు. తాను దూరదేశాలలో శ్రమించి నేర్చిన విద్యను మన విద్యార్థులు ఇక్కడే నేర్చుకొనే వీలు కల్పించారు. 1969లో ఆయన పరమపదించారు. అక్కడి కేంద్రక పరిశోధనశాలలకు ఆయన పేరే పెట్టారు.

జ్ఞానానంద వేదాంతాన్నీ విడువలేదు, విజ్ఞానాన్నీ విడువలేదు. తెలియనిదాన్ని తెలుసుకోవడానికి వయస్సు గాని, దూరం గాని అడ్డు కాదని ఆయన జీవితం మనకు బోధిస్తుంది.