జ్ఞానభిక్షుణి సోర్ హ్వానా

17వ శతాబ్దమున మెక్సికో దేశము స్పెయిన్ రాజుల యేలుబడిలో నుండెను. అచ్చటి విశ్వవిద్యాలయమున స్త్రీలకు ప్రవేశము లేదు. మర్యాదగల యింటి కన్యకు వివాహమో, మఠమో శరణ్యము. అట్టి కాలమున విద్య స్త్రీకిని హక్కేయని వాదించి, ఆ వాదమునకు భారీమూల్యము చెల్లించిన విదుషీమణి సోర్ హ్వానా ఇనేస్ దె లా క్రూస్. సోర్ అనగా స్పానిష్ భాషలో సోదరి. కాథలిక్కు సన్యాసినులకు గౌరవవాచకము.

ఆమె నెపాంత్లా గ్రామమున జన్మించెను. తల్లికి అక్షరజ్ఞానము లేకున్నను పెద్ద వ్యవసాయక్షేత్రమును దక్షతతో నడిపెను. బాలిక మూడేండ్ల ప్రాయమున అక్కవెంట బడికేగి, తల్లి పంపినదని పంతులమ్మతో బొంకి చదువ నేర్చెను. జున్ను తినిన బుద్ధి మందగించునని విని, ప్రియమైన జున్నును మానెను. మగవేషము వేసి విశ్వవిద్యాలయమునకు పంపుమని తల్లిని వేడెను, తల్లి యొప్పలేదు. తాతగారి గ్రంథములే గురువులైనవి. ఇరువది పాఠములు పూర్తికాకమునుపే లాటిన్ భాష ఆమెకు వశమయ్యెను. గడువులోపల పాఠము రానిచో, జ్ఞానశూన్యమైన శిరస్సునకు అలంకారమేలయని జుట్టు కత్తిరించుకొనెడిది.

ఆమె కీర్తి రాజప్రతినిధి మాన్సెరా ప్రభువు కొలువు చేరెను. ఆయన సుమారు 40 మంది పండితులను రప్పించి పరీక్ష జరిపించెను. మన అవధానసభలలో పృచ్ఛకులకువలె ఆమె యందరికిని సమాధానము చెప్పెను.

వివాహముపై ఆమెకు మనసు లేదు. చదువునకు ఏకాంతము కావలెను. 1667లో కర్మెలైట్ మఠమున చేరి, కొలదినెలలకే వెలువడి, 1669లో సాన్ హెరోనిమో మఠమున దీక్ష గైకొనెను. మఠపు జమాఖర్చులు చూచు బాధ్యత యామెపై బడెను. ప్రార్థనలకును లెక్కలకును నడుమ చిక్కిన తీరికలోనే ఆమె కవిత్వము, నాటకములు వెలసినవి. తొలి స్వప్నమను 975 పంక్తుల కావ్యమున, దేహము నిద్రింపగా ఆత్మ సమస్తసృష్టిని గ్రహింప నెగసి, అలసి, మరల యత్నించును. ఉత్సవగీతములలో మూలవాసుల నహువాత్ల్ భాషకును, ఆఫ్రికా బానిసల పలుకుబడికిని చోటిచ్చెను. స్త్రీని తప్పుదారి పట్టించి పిదప ఆమెనే నిందించు పురుషుల యన్యాయమును పద్యములలో నిలదీసెను. అయితే తానును ఒక బానిసస్త్రీని కలిగియుండెననుట మరువరానిది.

1690లో పెనుగాలి లేచెను. వీయెరా యను సుప్రసిద్ధ జెస్యూట్ ప్రవక్త ఉపన్యాసమును ఖండించుచు ఆమె వ్రాసిన లేఖను, ప్వెబ్లా బిషప్పు ఆమెకు తెలియకయే ముద్రింపించెను. పైగా ఒక కల్పిత సన్యాసిని పేర, లౌకికవిద్యలు తగ్గించి దైవచింతన పెంచుకొమ్మని హితబోధ జతచేసెను. 1691 మార్చి 1న ఆమె ప్రత్యుత్తర మిచ్చెను. అందు పూర్వపు విదుషీమణులను పేర్కొని, వయోధికలైన విద్యావతులు బాలికలకు బోధింపవలెనని వాదించెను. ఒకప్పుడు మఠాధికారిణి మూడునెలలు పుస్తకములు ముట్టవలదనగా, కంటబడిన ప్రతివస్తువును పాఠముగా గ్రహించెనట. వంటయింట గ్రుడ్డు నూనెలో గట్టిపడి, పాకములో విడిపోవుటను గమనించి, అరిస్టాటిల్ వంట చేసియుండినచో ఇంకను హెచ్చుగా వ్రాసియుండెడివాడని చమత్కరించెను.

ఆ లేఖ తరువాత ఆమె గళము క్రమముగా సన్నగిల్లెను. 1692లో మెక్సికో నగరమున ధాన్యపుకొరతవలన అల్లరులు చెలరేగెను. ఆమె తన గ్రంథములను, వాద్యములను, శాస్త్రపరికరములను బీదల సహాయార్థము విక్రయింపజేసి, 1694లో తన రక్తముతో సంతకము చేసి దీక్షను పునరుద్ఘాటించెను. ఇది పశ్చాత్తాపమా, పెద్దల యొత్తిడియా యన్న విషయమున పండితులు నేటికిని ఏకాభిప్రాయమునకు రాలేదు. మరుసటియేట మఠమున అంటువ్యాధి ప్రబలగా, రోగులైన సోదరీమణులకు పరిచర్య చేయుచు 1695 ఏప్రిల్ 17న ఆమె కన్నుమూసెను. పిదప ఆమె కాగితములలో ఒక అసంపూర్తి పద్యము దొరకెను. కలమును ఆమె పూర్తిగా విడువలేదన్నమాట.

ఆ ప్రత్యుత్తరము 1700లో అచ్చయ్యెను. 1962 మొదలు 1968 వరకు ఢిల్లీలో మెక్సికో రాయబారిగా నున్న కవి ఆక్టావియో పాజ్, 1982లో ఆమెపై బృహద్గ్రంథము ప్రకటించెను. బాలికగా ఏ విశ్వవిద్యాలయ ద్వారము ఆమెకు మూయబడెనో, అట్టి విద్యాపీఠమే నేడు ఆమె నివసించిన మఠమున ఆమె పేరిట వెలసియున్నది. అందు స్త్రీలును చదువుకొనుచున్నారు.