యుజెఫ్ కొసాట్స్కి

యుజెఫ్ కొసాట్స్కి (ఏప్రిల్ 21, 1909 - ఏప్రిల్ 26, 1990) పోలండ్ దేశానికి చెందిన ఇంజనీరు, సైనికాధికారి. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, ఒక్క సైనికుడే మోయగలిగిన మందుపాతరల శోధక యంత్రాన్ని రూపొందించి ప్రసిద్ధుడయ్యాడు.

జీవితం

ఈయన నేటి పోలండ్‌లోని వాపి పట్టణంలో జన్మించాడు. వార్సా పాలిటెక్నిక్‌లో చదివాడు. 1939లో జర్మనీ పోలండ్‌ను ఆక్రమించుకొన్న తరువాత స్వదేశాన్ని విడిచి, బ్రిటన్ చేరి అక్కడి పోలిష్ సైన్యంలో పనిచేశాడు.

శోధక యంత్రం

1941లో స్కాట్లాండులో ఉండగా ఈ యంత్రాన్ని రూపొందించాడు. పొడవాటి కర్ర చివర రెండు తీగచుట్టలుంటాయి. ఒకదానికి వాక్యూమ్ ట్యూబు ఆసిలేటరు, రెండవదానికి యాంప్లిఫయరు, హెడ్‌ఫోను కలిపి ఉంటాయి. సమీపంలో లోహం ఉంటే చుట్టల మధ్య సమతౌల్యం చెడి హెడ్‌ఫోనులో ధ్వని వినిపిస్తుంది. యంత్రం బరువు 14 కిలోగ్రాముల లోపే.

1942లో ఈజిప్టులోని ఎల్ అలమైన్ వద్ద జరిగిన రెండవ యుద్ధంలో ఇటువంటి 500 యంత్రాలను వినియోగించారు. దానితో మందుపాతరలు నిండిన ఇసుకనేలపై సైన్యం ముందుకు సాగే వేగం గంటకు సుమారు 100 మీటర్ల నుండి 200 మీటర్లకు పెరిగింది.

గుర్తింపు

కొసాట్స్కి పేటెంటు తీసుకొనక, యంత్రాన్ని బ్రిటిషు సైన్యానికి ఉచితంగా ఇచ్చాడు. ఇందుకు ఆరవ జార్జి రాజు నుండి కృతజ్ఞతా లేఖ అందుకొన్నాడు. అయితే, ఆక్రమిత పోలండ్‌లో ఉన్న కుటుంబానికి అపాయం కలుగకుండా యుద్ధకాలంలో ఈయన అసలు పేరును రహస్యంగా ఉంచవలసి వచ్చింది. యుద్ధానంతరం స్వదేశానికి తిరిగివెళ్ళి, అక్కడే మరణించాడు.