పట్టాల్లో కరెంటు పెట్టిన రాబిన్సన్

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుడి జీవితం రాయమన్నారు. గాంధీగారి గురించీ, విశ్వేశ్వరయ్యగారి గురించీ రాసేవారు మనలో చాలామంది ఉన్నారు. మా నాన్నగారు రైల్వే గ్యాంగ్‌మన్. అందుకని నేను, సిగ్నల్ ఇంజనీర్లందరూ ఎరిగిన విలియం రాబిన్సన్‌ను ఎంచుకున్నాను.

ఆయన 1840లో ఐర్లండులో పుట్టారు. అమెరికా చేరి, 1865లో వెస్లియన్ విశ్వవిద్యాలయంలో పట్టభద్రులయ్యారు. 1870లో పెన్సిల్వేనియాలోని కింజువా దగ్గర మొదటి విద్యుత్ సిగ్నల్ అమర్చారు. బండి లోపలికి వస్తూ ఒక మీట నొక్కితే ప్రమాద సూచన పడుతుంది, బయటికి పోతూ ఇంకో మీట నొక్కితే తొలగిపోతుంది. బాగానే ఉంది. కానీ బండి మధ్యలో తెగి, నాలుగు పెట్టెలు వెనకే ఉండిపోతే? తీగ తెగితే? సిగ్నల్ మాత్రం దారి ఖాళీ అంటుంది! తన పనిలో లోపం తానే పట్టుకున్నారాయన.

1872 ఆగస్టు 20న కొత్త పద్ధతికి పేటెంటు వచ్చింది. పట్టాల ముక్కకు ఒక కొసన బ్యాటరీ, రెండో కొసన రిలే. కరెంటు ఎప్పుడూ పారుతూనే ఉండాలి. బండి వస్తే చక్రాలూ ఇరుసూ ఆ కరెంటును మధ్యలోనే కలిపేస్తాయి, రిలే పడిపోతుంది, సిగ్నల్ ఎర్రబడుతుంది. బ్యాటరీ చచ్చినా, పట్టా విరిగినా ఎరుపే. మనం ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్టు లాంటిదే ఇది. కాగితం అందలేదా, పెన్షన్ ఆగుతుంది. ఆఫీసువాళ్లు మనం బతికే ఉన్నామని అనుకోరు.

అయితే తుప్పు ఒకటుంది. పట్టాల అతుకుల దగ్గర తుప్పు కరెంటును అడ్డుకుంటుందని ఆయన పట్టా నుంచి పట్టాకు తీగ కలిపారు. కానీ పట్టా నెత్తి మీద తుప్పు, ఇసుక, నలిగిన ఆకుల పొర పేరుకుంటే సంగతి వేరు. చక్రం పట్టాను సరిగా తాకదు. బండి అక్కడే ఉన్నా రిలే పడదు. మనిషి పోయినా సర్టిఫికెట్టు వస్తున్నట్టే కదా! అరుదుగా బండ్లు తిరిగే పక్కలైన్లలో ఈ భయం ఎక్కువ. బ్రిటన్‌లో తేలికపాటి డీజిల్ బండ్లకు డిస్క్ బ్రేకులు పెట్టాక చక్రం అంచును రుద్ది శుభ్రం చేసే బ్రేకుదిమ్మ లేకుండాపోయింది. ఆ పొరను ఛేదించే విద్యుత్ పరికరాలు బండ్లకే తగిలించాల్సి వచ్చింది. ఇప్పుడు మన దేశంలోనూ చాలాచోట్ల ఇరుసులు లెక్కపెట్టే యంత్రాలు వచ్చాయి.

రాబిన్సన్ కంపెనీ 1881లో వెస్టింగ్‌హౌస్‌గారి చేతికి పోయింది. పేరు ఆయనకు దక్కిందేమో గాని, వ్యాపారం దక్కలేదు. 1921లో కన్నుమూశారు. మా నాన్నగారు పట్టాల మీద తుప్పు గోకుతుంటే చిన్నప్పుడు నవ్వుకునేవాణ్ణి.